ఎవిడెన్స్, ముట్టుకోవద్దు

సుశీల ఆంటీ,

మీరు పోయి ఏడాదవుతున్నా పేదల కేసులు ఉచితంగా వాదించే ఈ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో మీ చోట కొత్త లాయర్‌ని వేయలేదు. మీ కేసులన్నీ నా నెత్తినే ఉన్నాయి.

మేమంతా నీరసపడిపోయామని కొత్త బాస్ నిన్న పిజ్జా పార్టీ పెట్టాడు. అందరం కోర్టులోనే ఉండిపోయాం. ఆ పిజ్జా బయట బెంచీల మీద కూర్చున్న క్లయింట్లు తిన్నారు.

ఆ ఉక్రోషంతో ఆఫీసు ఫ్రిజ్ ఖాళీ చేయించాడు. మీ ఆవకాయ సీసా ఒక్కటే మిగిలింది. ఎవరూ కాజేయకుండా దాని మీద "ఎవిడెన్స్, ముట్టుకోవద్దు" అని మీరు అంటించిన చీటీ ఇంకా ఉంది.

"ఇది ఏ కేసుది?" అని నన్ను అడిగాడు.

"సుశీల గారిది. ఇంకా క్లోజ్ చేయలేదు," అన్నాను.

సీసాను రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ లోపల పెట్టాడు.

మీ లత