అంట్లు ఎండిపోనివ్వకు

అమ్మమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. మూడు రోజులు ఊరెళ్తూ పెద్దమ్మ "అంట్లు ఎండిపోనివ్వకే, రోజూ నీళ్ళు పొయ్యి" అంది. నేను సింకులో గిన్నెలకి పోశాను. "గిన్నెలు వాడిపోతాయా తల్లీ? గులాబీ అంట్లకే!" అని పక్కింటావిడ ఇవాళ ఒకటే నవ్వు. మా బుక్కులో అంటుని గ్రాఫ్ట్ అనే ఉంది, నాకేం తెలుసు? పాత గోడ దగ్గర దొరికిన, పేరింకా తేలని ఆ గులాబీకి కట్టిన ఆరు అంట్లూ ఎండిపోయాయి. తల్లిమొక్క గోడతోపాటే పోయింది. కిందటేడు పెద్దమ్మ నీకిచ్చిన కొమ్మ బతికే ఉందా? ఉంటే రెండు ముక్కలు తడిగుడ్డలో చుట్టి పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తాతయ్యని అడిగానని చెప్పు. నన్ను గట్టిగా దీవించు, చాలా భయంగా ఉంది. రేపు పెద్దమ్మ గుమ్మంలోకి రాగానే ఈ కార్డు పోస్టులో వెయ్యమని ఆవిడకే ఇస్తాను. చదవకుండా వెయ్యదు.