బోరుబావి రాక్షసి చెవి

వేణీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఇంత కోపంతో నీకు రాయాల్సి వస్తుందనుకోలేదు.

నిన్న కుప్పంలో సొంతంగా వీడియో గేములు చేసేవాళ్ల ప్రదర్శనకు మన గేము తీసుకుపోయాను. మదనపల్లెలో మన గదికి వచ్చి, "ఈ రాక్షసిని సూస్తే ఎవురికీ బయమెయ్యదమ్మా, కొమ్ములు పెట్టండి" అంటూనే నీ బొమ్మలన్నీ ఫోటో తీసుకుపోయిన పుంగనూరు ఆయన గుర్తున్నాడు కదా? పక్క టేబుల్ ఆయనదే. ఆయన గేములో నీ బోరుబావి రాక్షసి ఉంది. కొమ్ములూ కోరలూ తగిలించాడు, అంతే.

"ఇది మా వేణి గీసింది" అన్నాను.

"రాక్షసులకు ఓనర్లుంటారా అమ్మా?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "అయితే దీనికి చెవి పొట్ట మీద యాల ఉండాది? చెప్పు సూద్దాం!" అని అరిచాను.

"స్టైలు" అన్నాడు.

స్టైలంట! తంబళ్లపల్లెలో మూడో బోరూ ఎండిపోయాక మీ నాయన చేలో బోర్లా పడుకొని, నేలకు చెవి ఆనించి నీళ్ల చప్పుడు కోసం విన్నాడనీ, అది చూసే నువ్వు, బోర్లా పడుకుంటే నేలకు ఆనేలా పొట్ట మీద చెవి పెట్టి ఈ బొమ్మ గీశావనీ అందరి ముందూ చెప్పాను. ఆడుతున్నవాళ్లు ఆట ఆపి విన్నారు. ఆయన తల దించుకున్నాడు గానీ బొమ్మ మాత్రం తీసేయలేదు. నా కోపమూ తగ్గలేదు.

ఈ పొద్దున మన గేమును నీ పేరుతో విడుదల చేశాను. మీ నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నేను అట్ల పండుకోనుండేది పాప సూసిందా?" అని అడిగాడు.