అక్కా, ఆ బకెట్ ముందు కూర్చోకు

ఇంద్రేశం,
ఆదివారం

అక్కకు, తమ్ముడు సూరిబాబు నమస్కారాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసాయేనా? మీ అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నేనిక్కడ బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు. పైగా బావ స్పీకర్ పెడతాడు. ఇది ఎవరూ లేనప్పుడు నిదానంగా చదువుకో.

ఇక్కడ ఎండలు తగ్గాయి గానీ షెడ్డులో వేడి తగ్గలేదు. కంపెనీలకు నిచ్చెనలు, పైపు స్టాండ్లు వెల్డింగ్ చేస్తున్నాం. పొద్దున్నే షేర్ ఆటోలో పటాన్‌చెరు వెళ్తాను. తిరిగి వచ్చేసరికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. బొల్లారం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే గది కిటికీ మూసుకోవాలి. మెస్సులో జొన్నరొట్టె అలవాటైంది. పులుసు అని ఎర్రనీళ్లు పోస్తారు, అదీ అలవాటైంది. ఆ రోజు ఖర్చు రాసుకుంటాను. తర్వాత మాట్లాడటానికి ఎవరూ ఉండరు కాబట్టి పడుకుంటాను. అయినా బాగానే ఉన్నాను.

అసలు సంగతి బావ పెట్టబోయే పొగకోడి కొట్టు గురించి. "ఏరా సూరీ, ఫ్యాక్టరీల మధ్య ఉన్నావు, ఒక పాత డ్రమ్ము పంపలేవా? దాన్ని అడ్డంగా కోసి మూత పెడితే పొగపొయ్యి అయిపోతుంది" అని బావ అడిగాడు గదా. తుక్కు కొట్టుకి వెళ్లి చూశాను. మంచి డ్రమ్ములే, మూత తీస్తే ముక్కు మండింది. మా మేస్త్రీ మల్లేశన్న వెంట ఉన్నాడు. "ఏందిరా, మందుల డబ్బాల కోడిని వండుతవా? అండ్ల ఏం పోసిన్రో పోసినోనికే ఎర్క. కడిగితే పోతదనుకుంటున్నవా?" అని అక్కడే తిట్టాడు. అందుకే డ్రమ్ము పంపలేదు. కొత్త రేకుతో నేనే చేసి పంపుతాను, కొంచెం ఆగమన్నాను. బావ ఆగలేదు.

మొన్న బావ పంపిన ఫొటో చూశాను. నిప్పులకి జింకు పూత బకెట్. కోడి పెట్టడానికి పాత ఫ్రిజ్ లోని తీగల అరలు. చుట్టూ మెరిసే అల్యూమినియం జాలీ. నువ్వు బకెట్ మీదకి వంగి బ్లోయర్ తిప్పుతున్నావు. బకెట్ అంచు దగ్గర రంగు మారి తెల్లటి పొడి అంటుకుంది. ఆ మర్నాడే బావ ఫోనులో "మీ అక్కకి రాత్రి జ్వరం వచ్చిందిరా, వానలో తడిసింది, పొద్దున్నకి లేచింది" అన్నాడు. వెనక నుంచి నువ్వు "చలి ఆగలేదురా, నోరంతా ఇనుము నాకినట్టు తియ్యగా ఉంది" అన్నావు. నేను బకెట్ సంగతి ఎత్తబోతే "ఎనిమిది నెలలు పటాన్‌చెరు గాలి పీల్చి ఇంజినీరువి అయిపోయావేంట్రా" అని బావ నవ్వాడు. కోడి మాడుతోందని ఫోను పెట్టేశాడు.

అక్కా, ఆ జ్వరం నాకు తెలుసు. నేను చేరిన కొత్తలో ఒక షెడ్డుకి జింకు పూత పైపులు వెల్డింగ్ చేశాను. రోజంతా తెల్లపొగ. సాయంత్రానికి ఒళ్లంతా వణుకు, దాహం, నోట్లో అదే తీపి. మలేరియా అనుకున్నాను. మల్లేశన్న చూసి "జరం కాదు బిడ్డా, పైపు మీది పూత మింగినవ్" అన్నాడు. ఇక్కడ అందరూ దానికి పాలు తాగుతారు. "పాలు తాగి మళ్ల గదే పొగల కూసుంటరు. పాలతోని కాదు, పొగకు దూరం జరిగితేనే పోతది" అన్నాడు. రెండో రోజుకి నాకూ తగ్గింది. తగ్గింది గదా అని మళ్లీ అదే పని చేశాను, మళ్లీ వచ్చింది. నువ్వూ పసుపు పాలు తాగి, వాన జ్వరమే అనుకుని, మళ్లీ ఆ బకెట్ ముందు కూర్చుంటావని నా భయం.

పూత గీకేస్తే సరిపోతుందని బావ అంటాడేమో. మడతల్లో, అతుకుల్లో ఉన్నది గీకినా పోదు. ఫ్రిజ్ అరలకు ఏ పూత వేశారో ఎవరికీ తెలియదు. పాతవాటి మీద జింకు కంటే చెడ్డ పూత ఉండొచ్చట. వాటి మీద తిండి పెట్టనే కూడదు. అల్యూమినియం నిప్పు దగ్గర మెత్తబడిపోతుంది.

ఆదివారాలు మల్లేశన్న షెడ్డు తాళం ఇస్తున్నాడు. పూత లేని నల్లరేకుతో పెట్టె చేశాను. కోడి పెట్టే జాలీ మంచి స్టీలుది. నిప్పుల వైపు బోల్టులు కూడా నల్లవే వేశాను, మెరిసేవన్నీ జింకువే. లోపల రంగు వేయలేదు. చూడటానికి బొగ్గు గంపలా ఉంది. "తళతళలాడకపోతే జనం ఆగరు" అని బావ అంటాడు. అననీ. ఈ వారం లారీ పార్సిల్‌లో వేస్తాను. రాగానే ఖాళీగా గట్టిగా మంట పెట్టి కాల్చండి. చల్లారాక లోపల నూనె రాసి మళ్లీ కాల్చాలి. ఆ తర్వాతే కోడి.

శుక్రవారం కొట్టు తెరుస్తామని బావ ఊరంతా చెప్పాడట. పార్సిల్ అప్పటికి రాదు. పెట్టె వచ్చేదాకా కొట్టు తెరవొద్దని నేనే అన్నానని చెప్పు, కోపం నా మీదే రానీ. ఆ బకెట్ మాత్రం ఇంట్లో ఉంచకు, నీళ్లకి కూడా వద్దు, మళ్లీ పొయ్యి దగ్గరికే చేరుతుంది. ఆయాసం గానీ దగ్గు గానీ ఉంటే ఆసుపత్రికి వెళ్లు. వానలో తడిశానని కాదు, జింకు పొగ పీల్చానని డాక్టరుకి చెప్పు.

వీలైతే బావ పాత పంచె ముక్కలు రెండు పంపు. హెల్మెట్ కింద కట్టుకోవడానికి ఇక్కడి గుడ్డ చెమట పీల్చదు. మీ అత్తయ్యగారికీ మామయ్యగారికీ నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. ఇంటికి దూరంగా ఉన్నవాణ్ని, నీ దీవెన నాకు ఉండాలి.

ఈ ఉత్తరం అందాక ఒకసారి ఫోను చెయ్యి. బావ బయటికి వెళ్లాక చెయ్యి. బాగానే ఉందని ఆయన చెప్పడం కాదు, నీ ఒంట్లో ఎలా ఉందో నీ నోటితో వినాలి.

నీ తమ్ముడు
సూరిబాబు