మధ్య ముక్క

జనవరి 9

స్పీచ్ థెరపిస్టు ఇవాళ మొదటిసారి ఇంటికొచ్చింది. చిన్నపిల్ల, మా అమ్మాయికంటే చిన్నదే. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్ళకి కొత్త మాటలకంటే జన్మంతా వాడిన మాటలే ముందు తిరిగి రావచ్చని చెప్పింది. మీవారు ఏం చేసేవారని అడిగింది. కాలేజీలో జియాలజీ చెప్పేవారు, పొద్దున లేస్తే డైనోసార్ల పేర్లే అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇంకేం ఆంటీ, ఆ పేర్లే పట్టండి, అంతకంటే మంచి ఎక్సర్‌సైజు నేనూ ఇవ్వలేనంది.

పద్ధతి కూడా చూపించింది. పేరుని ముక్కలు చెయ్యాలి. ఒక్కో ముక్కకి టేబుల్ మీద పెన్సిల్‌తో ఒక దెబ్బ. ఆయన తడబడితే విసుక్కోకుండా ‘మళ్ళీ’ అనాలి. ఎన్నిసార్లయినా సరే, మళ్ళీ అనాలి.

నాకు నవ్వాగలేదు. దగ్గొచ్చినట్టు నటించి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జనవరి 10

ఎందుకు నవ్వానో రాసుకోవాలి. ఎవరితోనూ అనలేనిది ఇక్కడైనా కక్కాలి.

పెళ్ళైన కొత్తలో మ్యూజియంలో డైనోసార్ హాలు తెరిచారు. ఈయనే అన్నింటికీ పెద్ద. అతిథులకి స్వాగతం నువ్వే చెప్పాలని పట్టుబట్టింది కూడా ఈయనే. వారం రోజులు బట్టీ పట్టాను. స్టేజీ మీద నాలుగు పేర్లు గడగడా చెప్పేశాను. ఐదోది ఒపిస్తోసీలికాడియా. మధ్యలో సీలి ఎటో జారిపోయింది. ఒపిస్తోకాడియా అన్నాను.

ఊరుకుంటే ఎవరికి తెలిసేది? ఆ హాల్లో ఆ పేరు తెలిసింది ఈయనొక్కరికే. లేచి స్టేజీ ఎక్కారు. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి మైకు పక్కన టేబుల్ మీద టకటకా మూడు దెబ్బలేసి, మళ్ళీ చెప్పు అన్నారు. మళ్ళీ జారింది. మళ్ళీ అన్నారు. మూడోసారీ అంతే. హాలంతా ఘొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది ఈయనే.

ఆ రోజు నుంచి మా ఆడపడుచుకి నేను కాడియా వదినని. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు ఈ కథ వడ్డించాల్సిందే. ఈయన చెప్తారు, ఆవిడ అందుకుంటుంది, నేను నవ్వుతూ కప్పులు తీస్తాను. పిల్ల స్కూల్లో పేరెంట్స్ మీటింగంటే ఈయన్నే పంపేదాన్ని. బట్టల ఆల్టరేషన్ల షాపు పెట్టుకున్నాక కూడా గట్టిగా ఇంగ్లీషు మాట్లాడే కస్టమరొస్తే నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ అనేదాన్ని. మైకు కనబడితే ఇప్పటికీ నాలుక ఎండిపోతుంది. ముప్ఫై ఏళ్ళు దాటింది.

అయ్యా ప్రొఫెసర్‌గారూ, ఇప్పుడు మీ వంతు.

జనవరి 12

ఆయన డ్రాయర్లో వెతికితే ఎర్ర పెన్సిల్ దొరికింది. అదేనో, కాదో. నాకు మాత్రం అదే.

స్టెగోసారస్ అన్నాను. మూడు దెబ్బలు. స్టె, స్టె అంటూ ఆగిపోయారు. మళ్ళీ అన్నాను. ఎంత రుచిగా ఉందో ఆ ‘మళ్ళీ’ అనే మాట! ఇన్నేళ్ళూ నా నోటికి అందకుండా ఎక్కడ దాచారు దీన్ని?

జనవరి 20

డైరీలో కూడా ఆయన్ని అన్నాడు, తిన్నాడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటు ఎంత చెడ్డది!

జనవరి 23

ఇవాళ ట్రైసెరటాప్స్ దగ్గర ఏడ్చాడు. చూశావా, రాసేశాను. ఏడ్చాడు. నేను కాఫీ కలుపుకుని ఆయన ఎదురుగానే కూర్చుని తాగాను.

ఫిబ్రవరి 4

ఆయన పాత స్టూడెంటు ఫోన్ చేశాడు. ఇప్పుడతనే మ్యూజియం క్యూరేటర్. హాలు పెద్దది చేసి మళ్ళీ తెరుస్తున్నారట. సారే ప్రారంభించాలట. స్పీచ్ అక్కర్లేదు మేడమ్, సార్ నోటి వెంట ఒక్క పేరొస్తే చాలు, మాకదే పండగ అన్నాడు. పక్కన మీరు నిలబడి అందివ్వండి అన్నాడు. ఏ పేరు వేద్దాం కార్డులో అని అడిగాడు.

చెప్పాను. స్పెల్లింగ్ కూడా చెప్పాను.

మంచి సెలక్షన్ మేడమ్ అన్నాడు. కొత్త హాల్లో మధ్యలో నిలబెడుతున్నది దాని అస్థిపంజరం నమూనానేనట. అసలుది తలా మెడా లేకుండానే దొరికిందట. తల లేకపోయినా పేరుకేం తక్కువ లేదు.

ఫిబ్రవరి 6

ప్లాన్ ఇది. మిగతా పేర్లన్నీ నేర్పిస్తాను. బాగా నేర్పిస్తాను. మనిషి కుదురుగా నిలబడి నోరు విప్పగలిగేంత బాగుపడాలి, లేకపోతే పాపం పెద్దాయన అని అందరూ జాలిపడి వదిలేస్తారు. ఆ ఒక్క పేరు మాత్రం ముట్టుకోను. స్టేజీ మీదే అడుగుతాను. మూడుసార్లు. ఆపైన ఆయనెలా ఇంటికొస్తారో చూస్తాను.

ఫిబ్రవరి 15

స్టెగోసారస్ పూర్తిగా వచ్చింది. ట్రైసెరటాప్స్ దాదాపు వచ్చింది. నీళ్ళు, చాలు, ఫ్యాన్ కూడా వచ్చాయి. నా పేరు ఇంకా రాలేదు. తొందరేం లేదు.

అమ్మాయి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మా, నీ ఓపికకి దణ్ణం పెట్టాలి, ఇంకొకరైతే ఎప్పుడో చేతులెత్తేసేవాళ్ళంది. ఓపిక కాదే పిచ్చిదానా, కసి. పైకి మాత్రం ఏముందిలే అన్నాను.

ఫిబ్రవరి 22

ఇన్విటేషన్ కార్డు వచ్చింది. ఎడమచేత్తో తీసుకుని చాలాసేపు చూశారు. ఆ పేరు మీద వేలు పెట్టి నా వైపు తిరిగారు.

నేను కిటికీ కర్టెన్ సర్దాను.

మార్చి 1

షాపు నుంచి పెందలాడే వచ్చాను. ఆయన గదిలో ఏదో సణుగుడు వినిపించింది. తలుపు తీయగానే ఆగిపోయింది. టీవీ కూడా లేదు. తనలో తను ఎవర్ని తిట్టుకుంటున్నారో, నన్నే అయ్యుంటుంది. తిట్టుకోనీ. పెన్సిల్ టేబుల్ మీద లేదు, దిండు కింద దొరికింది. దాచేసి తప్పించుకుందామనుకున్నారు కాబోలు.

మార్చి 8

ఆడపడుచు దిగింది. బ్యాగు కింద పెట్టకముందే అల్లుడికి కథ మొదలెట్టింది. మీ అత్తగారు స్టేజీ మీద ఏం చేసిందో తెలుసా బాబూ అంటూ. వదినా, రేపైనా సీలి మర్చిపోకు అని నా భుజం మీద ఒక్కటి వేసింది. అల్లుడు నవ్వాలో వద్దో తెలియక అమ్మాయి మొహం చూశాడు.

ఈయన నవ్వలేదు. మూతి ఒక పక్కకి లాగేసిందిగా, నవ్వినా తెలియదనుకున్నాను.

రేపే. ఇస్త్రీ చేసిన చీర తీసి పెట్టుకున్నాను. పెన్సిల్ చెక్కుకున్నాను.

మార్చి 9

హాలు నిండిపోయింది. ముందు వరసలో స్కూలు పిల్లలు, ఆ వెనక పాత స్టూడెంట్లు. నేను స్టేజీ ఎక్కాను. ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డారు.

టేబుల్ మీద మూడు దెబ్బలేసి ఆ పేరు చెప్పాను. పూర్తిగా చెప్పాను. సీలితో సహా. వారమంతా షాపులో కుట్టుమిషను చప్పుడు చాటున ప్రాక్టీసు చేశానుగా.

ఒపిస్తో... కాడియా అన్నారు.

మళ్ళీ అన్నాను.

ఒపిస్తోకాడియా. పిల్లలు కిసుక్కుమన్నారు.

సంతోషం వేసింది. డైరీలో అబద్ధం రాయను. కడుపు చల్లబడింది. మళ్ళీ అన్నాను.

మూడోసారీ అంతే. పిల్లలు పగలబడి నవ్వారు. వెనక పెద్దవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. మా ఆడపడుచు అలవాటు కొద్దీ గట్టిగా నవ్వేసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆయన తల దించుకోలేదు. చెమట పట్టలేదు. నవ్వుతున్న వాళ్ళని చూడలేదు. నన్నే చూస్తూ నిలబడ్డారు, ఇంకోసారి అడుగుతావా అన్నట్టు.

నాలుగోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. కసి తీరింది. తీరినట్టే ఉంది.

మార్చి 10, పొద్దున

టాబ్లెట్లు ఇస్తున్నాను. ఎడమచేత్తో పెన్సిల్ తీసుకున్నారు. టేబుల్ మీద మూడు దెబ్బలేశారు. ఒపిస్తో. సీలి. కాడియా. ఆ తర్వాత దెబ్బల్లేకుండా ఒకే ఊపిరిలో, ఒపిస్తోసీలికాడియా. గుక్క తిప్పుకోలేదు.

టాబ్లెట్ల షీటు గోడకేసి కొట్టాను.

మార్చి 10, మధ్యాహ్నం

ఒళ్ళు మండిపోతోంది. వచ్చు! నిన్న కూడా వచ్చు. ఆ సణుగుడు అదే. వచ్చి కూడా సీలి మింగేశారు, నేనెక్కడ మింగానో అక్కడే, నేనెన్నిసార్లు మింగానో అన్నిసార్లూ. అంతమంది నవ్వుతుంటే కావాలని నిలబడ్డారు.

ఎవరడిగారు? ఇన్నేళ్ళు పెంచుకున్న పగ నాది. నేను లాక్కోవాలి. తనంతట తను తెచ్చి చేతిలో పెడితే అదేం గెలుపు? దొంగమొహం. నా కచేరీలో కూడా నాకు పాట దక్కనివ్వలేదు.

షాపుకి వెళ్ళలేదు. ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకో తెలిస్తే రాద్దును.

మార్చి 10, సాయంత్రం

ఎందుకలా చేశారని నిలదీశాను. చాలా కష్టపడ్డారు. పెదవులు తిప్పుకున్నారు. చివరికి నా పేరు వచ్చింది. అదొక్కటే వచ్చింది.

క్షమించలేదు. ఆ మాట రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 17

వంటింటి తలుపేసుకుని, మిషను చప్పుడు కూడా లేకుండా, ఆ పేరు గట్టిగా చెప్పి చూశాను. సీలి జారిపోయింది. తలుపు బయట, చెక్క మీద, మెల్లగా మూడు దెబ్బలు. తలుపు తియ్యలేదు. ఇంకోసారి మొదలుపెట్టాను.