చాలు అనే కేక

చిరంజీవి అమ్మాయి స్టైనున్‌కు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, పిల్లి, కారు క్షేమం. కారు మాత్రం నిన్నటినుంచే. బెర్గెన్ వానల్లో నువ్వూ నీ గొడుగూ క్షేమమని తలుస్తాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఎండుచేప, వెన్న. దాన్ని వంట అనలేను. అమ్మ లేకుండా సినిమా పూర్తి చేయగలవా అని కూడా అడిగావు. ఇన్నేళ్లూ దర్శకుణ్ణి నేను, నిర్మాత ఆమె. ఈ సినిమా సగంలో ఉండగా కన్నుమూసింది. కాబట్టి జవాబు కాస్త పొడుగు.

మిగిలింది చివరి సన్నివేశం. గొర్రెల దొడ్డిలో అన్నదమ్ములు కొట్టుకుని విడిపోవాలి. చుట్టూ మందలన్నీ కలిసిపోయి ఉండాలి. వేసవంతా కొండల మీద కలిసి మేసిన గొర్రెలు దిగేది, ఎవరివి వాళ్లు ఏరుకునేది సెప్టెంబరులో ఒక్క రోజే కదా. ఆ రోజు తప్పితే సినిమాకు ముగింపు లేదు. అందుకని రైతులను బతిమాలాను: కాసేపు గొర్రెలను ఏరుకోకండి, ఏరుతున్నట్టు నటించండి.

"నటించడమేంటి ఎగ్గెర్ట్?" అన్నాడు దొడ్డి పెద్ద స్కూలి. "చెవికి పెట్టిన కోత గుర్తు చూడగానే ఎవరి గొర్రో తెలిసిపోతుంది. తెలిశాక తెలీనట్టు ఎలా ఉంటాం? నేనేమన్నా మంత్రినా?"

"ఒక్క గంట."

"సరేలే. పోయిన మీ ఆవిడ రాగ్నా మీది గౌరవంతో ఒప్పుకుంటున్నా. నీ సినిమాలకైతే నాకు నిద్రొస్తుంది."

కెమెరా తిరిగింది. ఓ నిమిషం బాగానే నటించారు. ఇంతలో ఎవరికో తమ గొర్రె కనపడింది. అంతే. లోయ జనమంతా కొమ్ములు పట్టుకుని, కాళ్ల మధ్య ఇరికించుకుని, ఎవరి గొర్రెలను వాళ్లు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టారు. పాట కూడా అందుకున్నారు. అన్న వేషం వేసిన రేక్యవిక్ పట్నం కుర్రాడికి అప్పుడే సన్నివేశానికి కావలసిన కన్నీళ్లొచ్చాయి. స్కూలి అత్త అతనికి ఒక గొర్రెను అప్పగించింది.

"తర్వాత ఏడుద్దువుగాని నాయనా. ముందు దీని కొమ్ము పట్టుకో."

పట్టుకున్నాడు. అది కదలదు. తమ్ముడి వేషగాడు వచ్చి రెండో కొమ్ము పట్టాడు.

"ఎటు లాగుతున్నావురా?"

"నువ్వు లాగితే కదా!"

కొట్టుకోవలసిన ఇద్దరూ తిట్టుకుంటూ ఒకే గొర్రెను లాక్కెళ్లారు. నేను రాసినదానికన్నా అదే మంచి ముగింపు. అదే ఉంచాను. సినిమా పూర్తయింది.

మధ్యలో ఎందుకు ఆపలేదని కెమెరా పట్టే ఓర్రి అడిగాడు. అరిచాను, గాలికి వినపడలేదు అన్నాను. ఇక్కడ గాలి మీద ఏ నింద వేసినా నమ్ముతారు.

నీకు నిజం చెబుతాను. నేను అరవలేదు. నేనెప్పుడూ అరవను. షాట్ చాలనిపిస్తే చెయ్యి దించుతాను, పక్కనుంచి మీ అమ్మ "చాలు! కాఫీ!" అని కేక పెడుతుంది. ఆ కేకకు గుర్రాలు కూడా ఆగేవి. ఆ రోజూ చెయ్యి దించాను. దించి, ఎదురుచూస్తూ నిలబడ్డాను, దొడ్డి ఖాళీ అయ్యేదాకా.

ఓర్రికి చెప్పకు.

వసంతంలో ఇంకో సినిమా మొదలుపెడుతున్నాను. నీది మీ అమ్మ గొంతు. సెలవు దొరికితే రా. కాఫీ నేను పెడతాను.

ఇట్లు,
చెయ్యి దించడం మాత్రమే తెలిసిన
మీ నాన్న