సగానికి విరిచిన సుద్దముక్క

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

టీచరు ట్రైనింగులో ఆఖరి పాఠం నిన్న పరీక్షకురాలి ముందు చెప్పాను. సుద్ద కీచుమనకుండా నీలాగే సగానికి విరిచి రాశాను. "ఇదెవరు నేర్పారమ్మా?" అందావిడ. "మా నాన్నండి, ఆయనా టీచరే" అన్నాను. "ఎక్కడ ట్రైనింగయ్యారు?" అంది. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాక, ట్రైనింగు లేదని నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పలేకపోయాను. బోర్డు తుడవడానికి అటు తిరిగాను. క్షమించు.

పాఠం పాసయ్యాను. టీచరుగా రిజిస్ట్రేషన్ దరఖాస్తుకి నా పదో తరగతి సర్టిఫికెట్ అసలుది కావాలి. ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది, వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

దరఖాస్తులో "ఎవరి దగ్గర శిక్షణ పొందారు?" అని ఒక గడి ఉంది. కాలేజీ పేరు కింద నీ పేరు రాశాను. కొట్టేస్తే వాళ్ళే కొట్టెయ్యాలి, నేను కొట్టెయ్యను.

ఇద్దరికీ నమస్కారాలతో,
నీ పెద్దది