అవ్వ బంగారం

అన్నా,

ఫోన్లో చెబితే అవ్వ వింటుందని ఈ కార్డు ముక్క రాస్తున్నాను. భయపడకు, ఆమె ఆరోగ్యం బాగానే ఉంది. ఆమె పోగేసిన డబ్బాలు, సీసాలు, తెగిన చెప్పులే వరండా దాటి వంటింట్లోకి వచ్చాయి. స్నానానికి పోవాలంటే పక్కకు తిరిగి నడుస్తున్నాం.

ఇక్కడ పాత సామాను కొనేవాడు మరాఠీలో "భంగార్, భంగార్" అని అరుస్తాడు. మా దగ్గరికి వచ్చిన కొత్తలో అవ్వ అది విని, "బంగారం కొనెటోడు గిట్ల గల్లీల పొంటి తిరుగుతడా?" అని చెవుల కమ్మలు తీసి దాచుకుంది, గుర్తుందా? ఎంత నవ్వుకున్నాం! నిన్న అతనికి ఒక సంచి ఇవ్వబోతే అవ్వ లాక్కుంది. "వాడే బంగారమనవట్టె, నువ్వు చెత్తంటవేందే?" అంది. ఈసారి నాకు నవ్వు రాలేదు, గట్టిగా అరిచాను. ఆమె అన్నం ముట్టలేదు.

సాయంత్రం పక్కింటి ప్రణీత తులసి మొక్కకు డబ్బా కావాలని వచ్చింది. అవ్వ వెంటనే లేచి, ఒకటి వెతికి, ఇక్కడి గనుల బొగ్గు దుమ్ము తుడిచి, అడుగున చిల్లు కూడా పొడిచి ఇచ్చింది. మన చిన్నప్పుడు సూది, గుండీ, పతంగికి దారం, ఏది అడిగినా సందుగలోంచి ఇలాగే తీసిచ్చేది కదా.

వదిన మోకాలినొప్పి తగ్గిందా? కందులు పంపకు, పెట్టడానికి చోటు లేదు. దసరా సెలవులకు ఖాళీ సంచులతో రా. అక్షరను, చిన్నోడిని తప్పక తీసుకురా. పారేయమంటే అవ్వ వినదు. అడగడం పిల్లలకు బాగా వచ్చు.

నీ చెల్లె,
విద్య
చంద్రపూర్